విషజలములచే చెడిన పొలములకు బొగ్గు చికిత్స
(రైతుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



పొలము చెడుట రెండు విధములు. ఎరువు లేక బలము తగ్గిన పొలమును రైతు చూడగానే గుర్తించును. విషలోహములు చేరిన పొలము అట్లు గుర్తింపబడదు. పైరు పచ్చగానే పెరుగవచ్చును. కీడు మాత్రము ధాన్యముతోను, కూరాకుతోను ఇంటికి వచ్చును. జపాను దేశమున జింజూ నదీజలముతో వరి పండించిన గ్రామములందు, గని నుండి వచ్చిన కాడ్మియము అన్నముతో దేహమున చేరి, ఎముకలు పెళుసై విఱుగు వ్యాధిని కలిగించెను. 1968లో అచ్చటి ప్రభుత్వము ఆ కారణమును అంగీకరించెను. పిదప చెడిన మట్టిని మార్చు పని దాదాపు 33 సంవత్సరములు సాగి 2012లో ముగిసెను.

ఇట్టి ఆపద దూరదేశమునకే పరిమితము గాదు. పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతముల కర్మాగారముల మురుగు నక్కవాగున కలిసి, దాని క్రింది సేద్యమును చెఱచెను. ఆ మొఱ 1990లో సుప్రీముకోర్టు వఱకు పోయెను. ఆ ప్రాంతపు నేలలందు ఆర్సెనిక్, క్రోమియము మొదలగునవి మిక్కుటముగా నున్నట్లు పరిశోధకులు ప్రకటించిరి.

పొలమంతయు మట్టి మార్చుట సామాన్య రైతునకు సాధ్యము గాదు. కావున స్వల్పవ్యయముతో గూడిన యొక ఉపాయమును తెలిసికొనవలెను. అది బయోచార్ అనబడు జీవబొగ్గు. కట్టెను గాని కంపను గాని గాలి చాలనీయక కాల్చిన, అది బూడిద గాక నల్లని బొగ్గగును. ఆ బొగ్గునందు కంటికి కానరాని రంధ్రములు లెక్కకు మించి యుండును. సీసము, కాడ్మియము, రాగి వంటి లోహములను అది పట్టి యుంచును. మఱియు నేల పులుపును తగ్గించి, ఆ లోహములు నీటిలో కరుగకుండ చేయును. కరుగని లోహము వేరులోనికి సులభముగా పోజాలదు. బొగ్గు తేమను కూడ నిలుపును. తేలిక ఎఱ్ఱనేలలందు ఈ మేలు ఎక్కువ. అమెజాను అడవులయందు పూర్వ నివాసులు బొగ్గు కలిపిన నల్లనేలలు శతాబ్దములు గడచినను సారము కోల్పోలేదు.

చేయు విధానము. పైన వెడల్పు, అడుగున సన్నము గల గుంత త్రవ్వవలెను. ఎండిన ప్రత్తికట్టె, కందికట్టె, సర్కారు తుమ్మ కంప కొంచెము వేసి నిప్పంటించి, పైపొర బూడిద కాసాగగానే మఱియొక పొర వేయుచుండవలెను. గుంత నిండిన పిమ్మట నీళ్లు చల్లి ఆర్పవలెను. రంగు పూసిన కట్టె, ప్లాస్టిక్కు, చెడిన పొలమున పెరిగిన మొక్కలు ఇందు వేయరాదు. వానిలోని విషము బొగ్గున చేరును. చల్లారిన బొగ్గును తడిగానే నలుగగొట్టి, పశువుల ఎరువు కలిపి, గోమూత్రముతో తడిపి, రెండు మూడు వారములు మాగనీయవలెను. పచ్చిబొగ్గు వేసినచో అది తొలుత పైరునకు వలయు నత్రజనిని తానే పట్టుకొనును.

పరిమాణము గుంటకు 100 కిలోలు, అనగా ఎకరమునకు 4 టన్నులు. ఎండుకట్టె బరువులో మూడవ వంతో, నాల్గవ వంతో మాత్రమే బొగ్గు వచ్చును. కావున ఒక ఎకరపు కట్టె ఆ ఎకరమునకు చాలదు. ఆశపడి అప్పు చేసి బొగ్గు కొనుట కంటె, తొలి యేడు ఒక్క గుంటలో వేసి, ప్రక్క గుంటను వేయక విడిచి, రెంటి పంటను పోల్చి చూచుట మేలు.

ఇక దీని హద్దులు. మొదటిది, బొగ్గు విషమును బంధించును గాని తొలగింపదు. చెడునీరు పాఱుచున్నంత కాలము ఏ చికిత్సయు నిలువదు. రెండవది, ఆర్సెనిక్ గల నేలలో, ముఖ్యముగా నీరు నిలిచిన వరిమడిలో, బొగ్గు వలన ఆ విషము ఎక్కువగా కరుగవచ్చును. మూడవది, ఉప్పు పేరిన నేలకు ఇది మందు గాదు. నాల్గవది, నల్లరేగడి స్వభావముచేతనే క్షారము గలది. అందు పులుపు తగ్గించుట వలని లాభము స్వల్పము.

కావున పరీక్ష ముందు, బొగ్గు వెనుక. 2015లో ప్రారంభమైన భూసార పత్రము 12 గుణములను చూపును గాని సీసము, కాడ్మియము, ఆర్సెనిక్ చూపదు. వానికి వేఱుగా పరీక్ష కోరవలెను. ఫలితము వచ్చువఱకు ఆ పొలమున పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు వేయక, తినుటకు రాని ప్రత్తి వంటి పైరు వేయుట క్షేమము. బొగ్గు వేసిన పిదపను, పండినదానిని పరీక్షింపక బిడ్డల కంచములో పెట్టరాదు.