రెక్కాడితేగాని డొక్కాడనివారు గాయపడితే



మనలో దర్జీలు, మెకానిక్కులు, తోపుడుబండ్లవాళ్లు ఎందరో ఉన్నారు. ఇ.ఎస్.ఐ. జీతగాళ్లకే, సొంతపనివారికి లేదు. చెయ్యి విరిగిననాడే సంపాదన ఆగిపోతుంది.

2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమాలో 18 నుంచి 70 ఏళ్లవారు చేరవచ్చు. 2022 నుంచి ఏడాదికి 20 రూపాయలు. మే నెలాఖరుకు బ్యాంకు ఖాతాలో ఆ సొమ్ము ఉంచండి. ప్రమాదంలో ఒక కన్నుగాని, చెయ్యిగాని, కాలుగాని శాశ్వతంగా పోతే లక్ష రూపాయలు, రెండు కళ్లూ పోతే 2 లక్షలు ఇస్తారు. ఆసుపత్రి కాగితాలు పారేయకండి. 30 రోజుల్లోగా బ్యాంకులో దరఖాస్తు ఇవ్వండి.

అయితే మూడు నెలలు కట్టుతో ఇంట్లో కూర్చున్నవాడికి ఈ బీమా పైసా ఇవ్వదు. ఆ మూడు నెలల బియ్యం సంగతి మనమే చూడాలి. అందుకొక నిధి పెట్టుకుందామని మనవి చేస్తున్నాము. కష్టంలో ఉన్నవాడు నోరు తెరిచి అడగడు. మనమే వెళ్లి తలుపు తట్టాలి.