ఎలుక సాక్ష్యం ఎంతవరకు?

తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాల తెలుగువారి నడుమ జరుగుతున్న ఈ సదస్సుకు నన్ను అధ్యక్షుడిగా పిలిచినందుకు కృతజ్ఞతలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. కచేరీల భాష మారినా ఇళ్లలో తెలుగు నిలిచింది. తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది ఈ ప్రాంతమే. శాస్త్ర విషయాలను తెలుగులో ఎంత నిక్కచ్చిగా రాయాలో ఆలోచించడానికి, ఇలా తెలుగును నిలుపుకున్న ఈ నేల తగిన చోటు. తిరువళ్లూరులోని వైద్య వీరరాఘవస్వామి కోవెలకు ఒంటి బాధలు తీరాలని మొక్కుకుని ఎందరో వస్తారు, కోనేట్లో బెల్లం వేస్తారు. మొక్కుకున్న మనిషి తన బాధ ఎక్కడుందో, ఎంతుందో, తగ్గిందో లేదో తానే చెప్పగలడు. ప్రయోగశాలలోని ఎలుకకు ఆ నోరు లేదు. దాని తరఫున మనం చెబుతున్నాం. ఆ చెప్పడంలో మన హద్దు ఎక్కడన్నదే నేటి నా ఉపన్యాస విషయం.

గుండె లయ తప్పినప్పుడు వాడే మందులు ఎలుకల్లో, చుంచెలుకల్లో నొప్పిని తగ్గించాయని పరిశోధన పత్రాలు చాలాకాలంగా వస్తున్నాయి. లిడోకైన్, మెక్సిలెటిన్, అమియోడరోన్ వంటి పేర్లు వాటిలో కనిపిస్తాయి. పత్రికల దాకా వచ్చేసరికి ఆ ఫలితం ‘గుండె మందుతో నొప్పి మాయం’ అనే శీర్షిక అవుతుంది. నా వాదన ఒక్కటే. జంతువుల్లో కనిపించిన ఈ ఫలితం మందు నాడుల్లో ఎలా పనిచేస్తుందో చెప్పే విలువైన సాక్ష్యం. మనిషికి ఉపశమనం కలుగుతుందని చెప్పే సాక్ష్యం మాత్రం కాదు. ఈ రెంటినీ కలిపేస్తే రోగికీ నష్టమే, శాస్త్రానికీ నష్టమే.

ముందుగా ఈ ఫలితం ఎందుకు నమ్మదగ్గదో చెప్పాలి. గుండె కణమైనా, నొప్పిని మోసే నాడి అయినా విద్యుత్ సంకేతాలతోనే పనిచేస్తాయి. కణపు పొరలో సోడియం ఛానెళ్లు కాలువ తూముల్లా ఉంటాయి. అవి తెరుచుకోగానే సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, సంకేతం పుడుతుంది. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడోకైన్ ఆ తూములనే మూస్తుంది. మొదట అది తిమ్మిరెక్కించే మందుగా వచ్చింది, తరువాత గుండె లయ మందు కూడా అయింది. మెక్సిలెటిన్ దానికి దగ్గరి చుట్టం, నోటితో మింగగలిగే రూపం. ఈ మందులకు ఒక ప్రత్యేక గుణం ఉంది. మాటిమాటికీ తెరుచుకునే ఛానెళ్లను ఇవి గట్టిగా పట్టుకుంటాయి, నిదానంగా పనిచేసేవాటిని పెద్దగా తాకవు. అందుకే లయ తప్పిన గుండె మీద పనిచేసినట్టే, దెబ్బతిని ఊరకే సంకేతాలు పంపే నాడి మీదా పనిచేస్తాయి. 1992లో డెవోర్, వాల్, కాటలాన్ అనే పరిశోధకులు ఎలుకల్లో దీన్నే చూపించారు. రక్తంలోకి ఎక్కించిన లిడోకైన్ తెగిన నాడి చివరల్లో పుట్టే అసహజ సంకేతాలను ఆపింది, మామూలు సంకేతాల ప్రయాణాన్ని మాత్రం అడ్డుకోలేదు. 2006లో పాకిస్తాన్‌కు చెందిన కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే నొప్పి తెలియనివారిని పరిశీలించగా, నావ్1.7 అనే సోడియం ఛానెల్‌ను తయారుచేసే జన్యువు వారిలో పనిచేయడం లేదని తేలింది. అంటే గుండెకూ నొప్పికీ ఉన్న ఈ బంధుత్వానికి పునాది గట్టిదే.

అయితే పునాది గట్టిదైనంత మాత్రాన ఇల్లు పూర్తయినట్టు కాదు. ప్రయోగశాలలో కొలిచేది నొప్పిని కాదు, ఎలుక ప్రవర్తనను. 1940ల నుంచి వాడుకలో ఉన్న హాట్ ప్లేట్ పరీక్షలో వేడి పళ్లెం మీద నిలబెట్టిన ఎలుక పాదం నాకడానికో, ఎగరడానికో ఎన్ని సెకన్లు తీసుకుంటుందో చూస్తారు. మరో పరీక్షలో వేడి తగిలిన తోకను ఎంతసేపటికి లాక్కుంటుందో చూస్తారు. ఇంకొకదానిలో పాదంలోకి ఫార్మలిన్ ఎక్కించి ఎంతసేపు నాకిందో కొలుస్తారు. మందు ఇచ్చాక ఎలుక ఆలస్యంగా కదిలితే కారణాలు ఎన్నో ఉండవచ్చు. నొప్పి తగ్గి ఉండవచ్చు, మత్తు కమ్మి ఉండవచ్చు, కండరాలు సడలి ఉండవచ్చు, గుండె వేగం పడిపోయి నీరసించి ఉండవచ్చు. గుండె మీద పనిచేసే మందు విషయంలో ఈ చివరి అనుమానం మరీ బలమైనది. తిరిగే కడ్డీ మీద ఎలుక పట్టు నిలుపుకుంటుందో లేదో చూసే రోటరాడ్ పరీక్ష జోడించని పత్రం ఈ అనుమానాన్ని తీర్చలేదు. అమియోడరోన్ సంగతి ఇంకా చిక్కు. అది సోడియం ఛానెళ్లనే కాక పొటాషియం, కాల్షియం ఛానెళ్లనూ, అడ్రినలిన్ గ్రాహకాలనూ తాకుతుంది. శరీరం నుంచి పోవడానికి వారాలు, నెలలు పడుతుంది. అలాంటి మందు ఇచ్చిన ఎలుక తోక ఆలస్యంగా ఆడితే ఏ దారిన ఆ పని జరిగిందో ఒక్క పరీక్ష చెప్పలేదు. పరీక్ష చేసేవారి ప్రభావం కూడా ఉంది. దగ్గరలో మగవాళ్ల వాసన ఉంటే ఎలుకల్లో ఒత్తిడి పెరిగి నొప్పి స్పందన తగ్గుతుందని 2014లో నేచర్ మెథడ్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. జంతువుల్లో తేలిన సంగతులే కదా చివరికి మనుషుల మందులయ్యాయి, ఇంత అనుమానం దేనికి అని. చరిత్ర రెండు వైపులా మాట్లాడుతోంది. సబ్‌స్టెన్స్ పి అనే నాడీ రసాయనాన్ని అడ్డుకునే మందులు జంతువుల్లో నొప్పిని చక్కగా తగ్గించాయి, మనుషుల్లో మాత్రం నొప్పి మందులుగా ఓడిపోయాయి. ఆ కుటుంబానికి చెందిన అప్రెపిటాంట్ 2003లో వాంతుల మందుగా ఆమోదం పొందింది. మెక్సిలెటిన్ కథా పాఠమే. మధుమేహంతో కాళ్లలో మంటలు, పోట్లు ఉన్నవారికి అది మేలు చేసిందని 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం ఆశ రేపింది. తరువాతి పరీక్షలు మొత్తం మీద ఆ ఆశను నిలబెట్టలేదు. 2015లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘానికి చెందిన నిపుణులు నాడీ నొప్పికి మెక్సిలెటిన్ వాడవద్దనే సిఫారసు చేశారు. ఎలుక తప్పు చెప్పలేదు. అది చెప్పినదానికంటే ఎక్కువ మనం విన్నాం.

రెండో అభ్యంతరం జాలితో కూడినది. ఇవి పాత మందులు, చవకగా దొరుకుతాయి, నొప్పితో అల్లాడే పేదవాడికి ఇస్తే తప్పేమిటని అడుగుతారు. దీనికి జవాబు గుండె వైద్యమే ఇచ్చింది. గుండెపోటు తరువాత వచ్చే అదనపు స్పందనలను అణిచే మందులు ప్రాణం కాపాడతాయని ఒకప్పుడు నమ్మేవారు. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ ఆ స్పందనలను నిజంగానే అణిచాయి. కాస్ట్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు 1991లో పూర్తిగా వెలువడేసరికి తెలిసిందేమిటంటే, మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. కొలిచిన అంకె బాగుపడింది, మనిషి బాగుపడలేదు. మధుమేహంతో కాళ్లు మండే రోగికి పైకి కనిపించని గుండె జబ్బు కూడా ఉండే అవకాశం ఎక్కువ. అలాంటివారికి లయ మందును నొప్పి మాత్రగా అందించే ముందు మనుషుల్లో జరిగిన పరీక్ష తప్పనిసరి.

ఇలా అంటే జంతువులకు నొప్పి లేదంటున్నానని ఎవరైనా అనవచ్చు. నేననేది అందుకు సరిగ్గా వ్యతిరేకం. వాటికి నొప్పి ఉంది కాబట్టే, ఏమీ తేల్చని పరీక్ష రెట్టింపు తప్పు. రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదల వల్ల వచ్చిన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, ప్రయోగాల మీద పర్యవేక్షణకు కమిటీని ఏర్పాటు చేసే వీలు కల్పించింది. దానికి ఏడాది ముందే రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో జంతువులకు బదులు వేరే మార్గం వెతకాలని, సంఖ్య తగ్గించాలని, బాధ తగ్గించాలని చెప్పారు. 2023లో మన దేశపు కొత్త మందుల నిబంధనలు జంతువులు లేని పరీక్ష పద్ధతులకూ చోటిచ్చాయి. అయినా నాడి, గుండె, మెదడు కలిసి చేసే పనిని గాజు పలక మీది ఏ కణాల పరీక్షా ఇంకా పూర్తిగా చూపలేదు. కనుక జంతు ప్రయోగాలు కొంతకాలం ఉంటాయి. ఉన్నంతకాలం వాటి ఫలితానికి ఉన్న విలువను తగ్గించకూడదు, లేని విలువ కట్టకూడదు.

శాస్త్రవేత్త పత్రంలో ‘స్పందన వ్యవధి పెరిగింది’ అని రాస్తే, దాన్ని తెలుగులో ‘నొప్పి పోయింది’ అని రాసే బాధ్యతారాహిత్యం మనది. మందు ఏ జంతువులో, ఏ మోతాదులో, ఏ పరీక్షలో పనిచేసింది? మత్తు, నీరసం కావని ఎలా తేల్చారు? గుండెకు ఏమైంది? మనుషుల్లో ఎవరైనా చూశారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేని ఆరోగ్య వ్యాసాన్ని అచ్చుకు పంపకూడదని ఈ సదస్సు తీర్మానించాలని కోరుతున్నాను. శీర్షిక కొంత చప్పబడుతుంది, నిజమే. కానీ ఆ వ్యాసం చదివి మందుల దుకాణానికి వెళ్లే మనిషి క్షేమం శీర్షిక కంటే పెద్దది. తీర్మానం మీద చర్చను ప్రారంభించవలసిందిగా సభ్యులను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.