దారి పక్క ఇల్లు: సడ్‌బరీ సత్రం చెప్పే కథ
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు భోజనాలకు ముందు సమయం ఇచ్చారు. ఆకలితో ఉన్నవాళ్ళ ముందు ఎక్కువసేపు మాట్లాడటం మహాపాపం. అందుకని దారిన పోయేవాళ్ళకు అన్నం పెట్టిన ఒక ఇంటి గురించే మాట్లాడి కూర్చుంటాను.

మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు పడమరగా సుమారు 20 మైళ్ళ దూరంలో సడ్‌బరీ అనే ఊరుంది. మేము ఆష్‌లాండ్‌లోని లక్ష్మీదేవి గుడికి వెళ్ళి వచ్చేటప్పుడు, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలను ఆ ఊరు తీసుకెళ్ళి ‘వేసైడ్ ఇన్’ చూపించడం అలవాటు. వేసైడ్ ఇన్ అంటే మన మాటల్లో దారి పక్క సత్రం. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ ఒకే మాట అన్నది: “ఇది మన పూటకూళ్ళ ఇల్లేరా!”

నిజమే. 1700ల తొలి సంవత్సరాల్లో డేవిడ్ హౌ అనే రైతు తన పొలంలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. బోస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్ళే తపాలా బాట ఆ ఇంటి ముందు నుంచే పోయేది. పొద్దు గుంకే వేళకు గుర్రాలవాళ్ళూ, బండ్లవాళ్ళూ వచ్చి తలుపు తట్టేవాళ్ళు. 1716లో ఆయన బాటసారులకు బస ఇవ్వడానికి అనుమతి తీసుకున్నాడు. ఆనాడు సత్రం నడిపేవాడు ముందు రైతు, తర్వాతే సత్రం యజమాని. గుర్రానికి గడ్డీ, మనిషికి రొట్టే పొలం నుంచే రావాలి. పొలం సత్రాన్ని నిలబెట్టింది, సత్రం పొలానికి నాలుగు డబ్బులు తెచ్చిపెట్టింది.

డేవిడ్ తర్వాత కొడుకు ఎజెకీల్. ఆయన హయాంలో సత్రానికి ‘ఎర్ర గుర్రం’ అని పేరు. 1775 ఏప్రిల్ 19న అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో తొలి తుపాకులు పేలిన రోజున, సడ్‌బరీ రైతులను వెంటబెట్టుకుని కాంకర్డ్‌కు కదిలినవారిలో ఆయన ముందున్నాడు. ఆయన తర్వాత ఆడమ్, ఆ తర్వాత లైమన్. నాలుగు తరాలు, దాదాపు 145 ఏళ్ళు ఒకే కుటుంబం ఆ తలుపు తీసి ఉంచింది.

తర్వాత ఏమైంది? మన ఊళ్ళలో జరిగిందే అక్కడా జరిగింది. 1835లో బోస్టన్ నుంచి వూస్టర్‌కు రైలు వచ్చింది. బాట మీద బండ్లు తగ్గాయి. లైమన్ హౌ పెళ్ళి చేసుకోలేదు. 1861లో ఆయన పోయాక ఇల్లు బంధువుల చేతికి వెళ్ళింది, సత్రం మూతబడింది.

మరుసటి సంవత్సరం, 1862లో లాంగ్‌ఫెలో అనే కవి ఆ పాత ఇల్లు చూడటానికి వచ్చాడు. 1863లో ఆ సత్రంలో చలిమంట చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు కథలు చెప్పుకున్నట్లుగా ఒక పుస్తకం వేశాడు. ఆ పుస్తకంతో ఇల్లు దేశమంతా తెలిసింది. 1897లో ఎడ్వర్డ్ లెమన్ అనే ఉన్ని వ్యాపారి దాన్ని కొని, కవి పెట్టిన పేరుతోనే మళ్ళీ తెరిచాడు. 1923లో కార్ల హెన్రీ ఫోర్డ్ కొన్నాడు. చుట్టుపక్కల భూములూ కొన్నాడు. 1929లో నీటితో తిరిగే పిండిమర కట్టించాడు. కార్ల రొదకు పాత ఇల్లు దెబ్బతింటుందని రహదారినే పక్కకు మళ్ళించాడు. రోడ్డంతా కార్లతో నింపినాయనే ఆ పని చేశాడంటే నవ్వొస్తుంది కదా!

1955 డిసెంబరులో ఆ ఇల్లు తగలబడింది. పాత భాగం చాలావరకు నిలిచింది గాని నష్టం పెద్దదే. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో బాగుచేసి 1958లో మళ్ళీ తెరిచారు. ఈనాడు అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది.

ఇక మన గడ్డ మీదకు వద్దాం. ‘కన్యాశుల్కం’ చదివినవాళ్ళకు పూటకూళ్ళమ్మను పరిచయం చేయనక్కర్లేదు. డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇళ్ళు మనకూ ఉండేవి. డబ్బు తీసుకోకుండా పెట్టిన ఇల్లూ ఉంది. గోదావరి లంకల్లో, గన్నవరంలో డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి, భర్త జోగన్నగారి పొలం మీద వచ్చిన గింజలతో, ఏరు దాటి వచ్చినవాడు ఏ వేళ వచ్చినా, ఏ కులంవాడని అడగకుండా విస్తరి వేసింది. ఈనాడు గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీది అక్విడక్టుకు ఆమె పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు.

ఇప్పుడు నా సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. బందరు రోడ్డు పక్కన మా తాతగారి ఇల్లు ఉండేది. వెనక నాలుగెకరాల మాగాణి. రోడ్డు మీద పోయే బండ్లవాళ్ళు మా అరుగు మీద నడుం వాల్చేవాళ్ళు. మా నాయనమ్మ పెద్ద కుండ నిండా మజ్జిగ కలిపి ఉంచేది. నాన్నగారు పోయాక ఆ ఇంటికి ఏడేళ్ళు తాళం వేసి ఉంచాం. మేము ముగ్గురు అన్నదమ్ములం మూడు దేశాల్లో ఉన్నాం. కప్పు కురిసింది, చెదలు పట్టాయి. చివరకు అమ్మేశాం. సంతకం పెట్టిన రోజున నాకు గుర్తొచ్చిందేమిటంటే, ఆ అరుగు మీద ఎవరెవరు పడుకునేవారో, మా పొలం దున్నిన పెద్దపాలేరు ఇంటిపేరేమిటో, నేను ఎవరినీ అడగలేదు. అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు.

సడ్‌బరీ ఇంటికి కూడా వారసులు లేకుండా పోయారు. అయినా ఇల్లు మిగిలింది. ఒకరు దాని కథ రాశారు, ఒకరు బాగుచేయించారు, చివరకు అది పదిమందిదీ అయింది. ఫోర్డ్‌కున్న డబ్బు మనకు లేదు. కాని తాళం వేసి ఉంచడం కాపాడటం కాదని తెలుసుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

కనుక నా విన్నపం ఇంతే. ఈసారి ఊరెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. పొలం ఎట్లా వచ్చింది, ఎవరు దున్నారు, ఇంటికి ఎవరు వచ్చిపోయేవారు, అడిగి రాసుకోండి. తాళం వేసిన ఇల్లుంటే, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలిసి బతికుండగానే తేల్చుకోండి. ఊరి పిల్లల చదువుకో, ఒక గ్రంథాలయానికో ఆ తలుపు తెరవండి. అమ్మక తప్పకపోతే, అమ్మేముందు ఆ ఇంటి కథైనా రాసిపెట్టండి.

వడ్డన మొదలైనట్లుంది, వాసన వస్తోంది. సెలవు.