మారిషస్ లెక్కలో పడని చేప

కాకినాడలో మారిషస్ ఊసెందుకని అనుకోకండి. ఈ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లిన మనవాళ్ల మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. ఈ సాయంత్రం వాళ్ల చేపల లెక్క చూద్దాం.

అన్ని దేశాల చేపల దిగుబడీ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) దగ్గర 1950 నుంచి నమోదై ఉంది. చాలావరకు ఏ దేశం ఏది పంపితే అదే. మారిషస్ నుంచి సాయా ద మాల్యా, నజరెత్ లాంటి దూరపు సముద్రగర్భ మిట్టలకు పోయే పెద్ద పడవలు చేపను గడ్డకట్టించి తెస్తాయి. రేవులో తూకం సులువు. సెలవురోజు గాలం వేసుకుని కూరకు సరిపడా పట్టుకెళ్లే మనిషిని ఎవరు తూస్తారు? మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవిలో నీరు వెనక్కి తీసిన వేళ ఆడవాళ్లు ఇనుప ఊచతో పొడిచి పట్టే ఆక్టోపస్‌లో ఇంటి కూరకు పోయేదెంతో ఎవరు రాస్తారు?

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డేనియల్ పాలీ, డర్క్ జెల్లర్ బృందం ఇలాంటి ఖాళీలను పూరించే పని ప్రపంచమంతటికీ చేసింది. మంత్రమేమీ లేదు. ఏదో ఒక ఏడు ఇంటింటి సర్వేలో తలకి ఇంత చేప తింటున్నారని తేలితే, దాన్ని జనాభాతో హెచ్చవేస్తారు. మారిషస్ జనాభా 1952లో 5 లక్షలు, ఇప్పుడు 12 లక్షల పైన. దిగుమతి తీసేయాలి, ఎగుమతి కలపాలి. హోటళ్లలో పర్యాటకులు తినేదీ మరవకూడదు. చిక్కంతా ట్యూనాతో. పోర్ట్ లూయిస్‌లో డబ్బాలకెక్కే ట్యూనాలో చాలా భాగం విదేశీ ఓడలు పట్టింది. దాన్ని దీవి ఖాతాలో వేశామా, లెక్కంతా తారుమారే. ఇలా నమ్మదగ్గ సంవత్సరాలు కొన్ని దొరికాక, నడుమ ఏళ్లకు గీత గీసి పూరిస్తారు.

ఇది ఊహే కదా అంటారు. ఊహే, కాకపోతే ఆధారం చూపించే ఊహ. ఖాళీ గడిని సున్నాగా కూడేయడమూ ఊహే, పైగా అబద్ధమని ముందే తెలిసిన ఊహ. దాంతో ఇంకో ప్రమాదం ఉంది. మొన్నటిదాకా రాయని ఆక్టోపస్‌ని కొత్త గుమస్తా రాయడం మొదలెడితే కాగితం మీద దిగుబడి పెరుగుతుంది. అది చూసి మరిన్ని పడవలకు సబ్సిడీ ఇస్తారు. అక్కడ నీళ్లలో సరుకు తరుగుతూనే ఉంటుంది. 2016లో పాలీ, జెల్లర్ ప్రకటించిన ప్రపంచ లెక్క చూడండి: 1996లో అధికారిక దిగుబడి 8.6 కోట్ల టన్నులు, వీళ్ల అంచనా 13 కోట్లు. ఆ తర్వాతి తగ్గుదల కూడా అధికారిక లెక్క చూపినదానికన్నా బాగా ఎక్కువ. నన్నడిగితే మొదటి తేడాకన్నా ఈ రెండోదే భయపెట్టేది.

మనకు ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ఉన్నట్టే, రోడ్రిగ్స్‌లో 2012 నుంచి ఆక్టోపస్ వేటకు విరామం పెట్టారు. విరామంతో సరుకు పెరిగిందో లేదో తేల్చాలంటే అంతకుముందు ఎంత పట్టేవారో తెలియాలి, ఆ ఆడవాళ్లు ఇంటికి పట్టుకెళ్లినదాంతో సహా.

ఇక మీ ప్రశ్నలు. వేటకెళ్లేవాళ్లెవరైనా ఉంటే వాళ్లే ముందు అడగాలి.