కండ పెంచాలా? ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోండి

కానిస్టేబుల్ సెలక్షన్ల 1600 మీటర్ల కోసం రోజూ పరిగెడుతున్నాం, కండ మాత్రం రావట్లేదని పలాస, టెక్కలి కుర్రాళ్లు అడుగుతున్నారు. సన్నగా ఉన్నవాళ్లు తిన్నదంతా పరుగుకే ఖర్చయితే కండకేం మిగులుతుంది? వారంలో 3 రోజులు బరువులు, 2 రోజులు పరుగు, మిగతావి రెస్ట్. ఒకేరోజు రెండూ ఉంటే ముందు బరువులు. గుడ్లు, చేపలు, పప్పు పెంచాలి.

అయితే అంతకన్నా ముందు, ప్రొటీన్ డబ్బా కొనకముందే, ఒక్క పని. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. మనది ఉద్దానం. మా పెద్దనాన్నకి డయాలసిస్ మొదలయ్యే దాకా ఏ లక్షణమూ కనపడలేదు. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఎక్కువ ప్రొటీన్ చేటు. క్రియాటిన్ పొడి వాడితే రిపోర్టులో అంకె కొంచెం పెరగొచ్చు, డాక్టరుకి ముందే చెప్పండి. ఒళ్లునొప్పులకి సొంతంగా నొప్పి మాత్రలు వేసుకోవద్దు.

రిపోర్ట్ బాగుంటే బరువులెత్తండి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిదీ మన జిల్లాయే!