తిండా? మందా?



మా అమ్మ మొదటిసారి ఆక్లండ్ వచ్చినప్పుడు పెట్టెలో మెంతుల డబ్బా తెచ్చింది. అరైవల్ కార్డులో రాసి చూపించాం. "ఇది ఆహారమా, ఔషధమా?" అని అడిగాడు ఆఫీసరు. "రెండూ అని చెప్పు నాయనా" అంది అమ్మ. తీరా చూస్తే, ఆవిడ షుగర్ మాత్రలు మానేసి మెంతిపొడి మీదే ఉంది! ఇక్కడి మీటరులో 16 చూసి "పదహారేగా" అని సంబరపడింది. ఇండియా లెక్కలోకి మార్చాలంటే 18తో గుణించాలి. అంటే 288!

మెంతుల్లో గుణం లేదని కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు టైప్ 1 రోగులకు, నూనె తీసిన మెంతిపొడిని భోజనంలో కలిపి పది రోజులు పెట్టారు. రక్తంలో చక్కెర తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గిందని 1990లో ప్రచురించారు. మెంతుల్లోని గాలక్టోమానన్ అనే జిగురు పీచు, తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలవడాన్ని నెమ్మదిస్తుంది. అయితే వాళ్ళు పెట్టింది రోజుకు 100 గ్రాములు. మనం మింగేది చెంచాడు!

కాకరకాయలో చరాంటిన్ వంటి పదార్థాలున్నాయి. కానీ మనుషుల మీద పరీక్షల్లో ఫలితాలు ఒక్కతీరుగా రాలేదు.

మరి మాత్ర ఎక్కడిది? మనావటూ ప్రాంతంలో కలుపులా పెరిగే గోట్స్ రూ మొక్క మెంతులకు దాయాది, అదీ చిక్కుడు కుటుంబమే. అందులోని గాలెజీన్ గొర్రెలకు విషం. దాని పోలికతోనే తయారైన మెట్‌ఫార్మిన్‌ను 1957లో ఫ్రాన్సులో షుగర్ రోగులపై వాడి చూపారు. ఆపిల్ చెట్టు బెరడులో 1835లో దొరికిన ఫ్లోరిజిన్ దారిలోనే ఎంపాగ్లిఫ్లోజిన్ వచ్చింది. 2021 నుంచి అర్హులైన రోగులకు ఫార్మాక్ దానికి నిధులిస్తోంది. మాత్ర కూడా మొక్క బిడ్డే! తేడా అంతా కొలతలో, పరీక్షలో ఉంది.

కనుక మెంతికూర పప్పు, కాకరకాయ కూర హాయిగా తినండి. అన్నం కొంచెం తగ్గించండి. మాత్ర మాత్రం మానకండి. కాకర రసం, మెంతిపొడి రోజూ తీసుకుంటుంటే డాక్టరుకు చెప్పండి. ముఖ్యంగా గ్లిక్లాజైడ్, ఇన్సులిన్ వాడేవారికి షుగర్ మరీ పడిపోవచ్చు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఊరగాయలతోపాటు వాళ్ళ మందుల సంచీ కూడా ఒకసారి విప్పి చూడండి. ఈసారి ఆఫీసరు అడిగితే మా అమ్మ జవాబు ఒక్కటే: "తిండి నాయనా, మందు వేరే ఉంది."