ఆత్మరక్షణము – తదనంతర బాధ్యత
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదనిన, ఆ పల్లెలో చదువరులు నిలిచియున్నారని అర్థము. అట్టివారి యెదుట నేడు కావ్యమును గూర్చి గాక, చట్టమును గూర్చి మాటలాడ దలచితిని. మన ఖానాపూరు అడవి అంచున నున్న ఊరు. 2012లో కవ్వాల్ అడవి పులుల సంరక్షణ కేంద్రమైనది. పంట చేతికి వచ్చు వేళ రైతు మంచెపై మేలుకొని యుండవలసిన ప్రాంతమిది. అడవిపంది పైరును పాడుచేయును. ఎలుగుబంటి దారి కడ్డము వచ్చును. ఒక్కొక్కప్పుడు మనుష్యుడే కీడు తలపెట్టి వచ్చును. ప్రాణము మీదికి వచ్చినప్పుడు తుపాకి యెత్తు క్షణమును గూర్చి అందరును తలపోయుదురు. మరునాటి ఉదయమును గూర్చి తలపోయువారు అరుదు.

1860 నాటి భారత శిక్షాస్మృతి 1951లో హైదరాబాదు రాష్ట్రమునకు వర్తించినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. పేరు మారెనేగాని ఆత్మరక్షణ హక్కు సారము మారలేదు. సంహితలోని 34 మొదలు 44 వరకు గల సెక్షనులు దీనిని వివరించును. తన దేహమును, పరుల దేహమును, ఆస్తిని కాపాడు హక్కు ప్రతివానికిని కలదు. కాని అధికారుల సహాయము పొందుటకు వ్యవధి యున్నచో ఆ హక్కు లేదు. అవసరమునకు మించిన హాని చేయరాదు. ప్రాణము తీయుట వరకు పోవలెనన్న, ప్రాణభయము, తీవ్ర గాయభయము, మానభంగము, అపహరణము, ఆమ్లపు దాడి వంటి ఆపద యెదురు కావలెను. లేదా దోపిడి, రాత్రివేళ ఇల్లు పగులగొట్టి చొరబడుట, నివాసగృహమునకు నిప్పు పెట్టుట వంటివి జరుగుచుండవలెను. చేనిలో నాలుగు కంకులు విరిచినవానిపై తుపాకి పేల్చుటకు ఈ హక్కు చాలదు. ప్రాణభయము తొలగిన పిమ్మట పారిపోవువాని వీపుపై పేల్చినది రక్షణము కాదు, పగ.

ఆత్మరక్షణ మని చెప్పుకొనువాడే దానిని చూపవలెనని సాక్ష్య చట్టము చెప్పుచున్నది. అయితే సందేహమునకు తావు లేకుండ నిరూపింప నక్కరలేదు. తన మాట నమ్మదగినదని చూపిన చాలును. పంజాబునందలి ఒక కేసు మనకు పాఠము. 1991లో పొలము తగాదాలో తండ్రిపై పదునైన ఆయుధముతో దాడి జరుగగా, కుమారుడు తుపాకి పేల్చెను. దాడి చేసినవాడు మరణించెను. క్రింది న్యాయస్థానము విడుదల చేసెను. ఉన్నత న్యాయస్థానము శిక్షించెను. 2010లో సర్వోన్నత న్యాయస్థానము నిర్దోషి యని తీర్పు చెప్పెను. న్యాయము దొరికినది, నిజమే. కాని నడుమ గడచినవి పందొమ్మిది సంవత్సరములు! హక్కు గలవానికే ఇంత కాలము పట్టినదనిన, జాగ్రత్త లేనివాని గతి యేమి?

కావున మొదటి జాగ్రత్త ఆయుధమును గూర్చినది. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేని నాటు తుపాకి నేరమే. ఆత్మరక్షణ వాదము నెగ్గినను ఆ నేరము వేరుగా నిలుచును. అభయారణ్యమునకు పది కిలోమీటర్లలోపు నివసించు లైసెన్సుదారు వన్యప్రాణి సంరక్షణాధికారివద్ద పేరు నమోదు చేయించుకొనవలెనని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము విధించినది.

రెండవది, ఘటన జరిగిన తొలి గంట. గాయపడినవాడు శత్రువైనను వానికి వైద్యము అందునట్లు చూడవలెను. 112కు గాని ఠాణాకు గాని తామే ముందుగా తెలుపవలెను. తుపాకిని దాచుట, నెత్తురు కడుగుట, వస్తువులు జరుపుట తగదు. పంచనామాలో అవియే మన పక్షమున పలుకు సాక్షులు. తన ఒంటి గాయములను వైద్యునిచే పరీక్షింపజేసి వ్రాయించుకొనవలెను. చూచినవారెవరో గుర్తుంచుకొనవలెను.

మూడవది, మాట. జరిగినది జరిగినట్లు క్లుప్తముగా చెప్పవలెను. కల్పించి చేర్చినది పిదప మెడకు చుట్టుకొనును. అరెస్టయినవానికి వకీలును సంప్రదించు హక్కును రాజ్యాంగపు 22వ అధికరణము, నిందితుడు తనకు తానే విరుద్ధముగా సాక్ష్యమిచ్చుటకు నిర్బంధింపబడకుండు హక్కును 20వ అధికరణము ఇచ్చినవి. వకీలుకు ఇచ్చుకొనలేనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టము అండ. షెడ్యూల్డు కులములవారికి, గోండు, కొలాము మొదలగు తెగలవారికి, స్త్రీలకు, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ జిల్లా న్యాయసేవా సంస్థ వకీలును ఏర్పరచును.

మృగము విషయములో చట్టము దయగలదే. ప్రాణరక్షణకై సద్బుద్ధితో వన్యమృగమును చంపినను నేరము కాదు. కాని ఆ కళేబరము ప్రభుత్వపు సొత్తు. వేటకు పోయి ఎదురుపడిన మృగమును చంపినవానికి ఈ రక్షణ లేదు. ఇక పైరు చుట్టు కరెంటు తీగ చుట్టుట ఆత్మరక్షణ మనిపించుకొనదు. తీగకు పంది యెవరో, పొరుగింటి పిల్లవాడెవరో తెలియదు.

ఈ నియమములు సామాన్యునికే యని తలపవలదు. పోలీసు కాల్పులలో మరణము సంభవించినప్పుడు ప్రథమ సమాచార నివేదిక, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ జరుగవలెనని 2014లో సర్వోన్నత న్యాయస్థానము 16 మార్గదర్శక సూత్రములను విధించినది. ఆయుధము ఎవరి చేతనున్నను, పోయిన ప్రాణమునకు లెక్క చెప్పవలసినదే. పోయినవానికిని ఒక తల్లి యుండును.

మిత్రులారా! ఆపద వచ్చిన రాత్రి చట్టమును చదువుటకు దీపము దొరకదు. ముందే చదువవలెను. ఈ గ్రంథాలయపు అలమారలో న్యాయ సంహిత తెలుగు ప్రతి యొకటి, న్యాయసేవా సంస్థ చిరునామా యొకటి ఉంచుడని కార్యవర్గమును కోరుచున్నాను. నెలకొకసారి ఒక వకీలును పిలిపించి చదివింపుడు. తుపాకి ఒక్క ఇంటిని కాచునేమో. తెలివి ఊరినంతను కాచును. ఆ తెలివిని ఇరువదియైదేండ్లుగా పంచుచున్న ఈ సంస్థ నూరేండ్లు వర్ధిల్లుగాక!